ముందు భాష, తర్వాతే అతుకు

మా మామగారు లిఫ్టు మెకానిక్కు. ముప్పై నాలుగేళ్ళు జనాన్ని పైకీ కిందకీ పంపించారు గానీ, ఇంట్లో ఎవరితోనూ నాలుగు మాటలు కలిపి మాట్లాడింది లేదు. నేను ఆస్పత్రిలో మందుల కౌంటర్ దగ్గర ఫార్మసిస్టుని. రోజుకి మూడొందల మందికి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి చెప్పి నాకు నోరు పెద్దదైపోయింది. ఇంటికొచ్చాక కూడా అది మూతపడదు. కాబట్టి తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో మాట్లాడేది నేను, వినేది ఆయన. విన్నారో లేదో కూడా నాకు తెలియదు. గోడకి చెప్పినట్టే ఉండేది.

పోయినేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంత పోయింది, కొంత తిరిగొచ్చింది. మాట మాత్రం పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, మెల్లగా చదవగలరు కూడా. కానీ నోట్లోంచి వచ్చేది ఒకటే మాట, "అదే". నీళ్ళు కావాలన్నా అదే, కిటికీ వెయ్యమన్నా అదే. అవుననబోయి తల అడ్డంగా ఊపుతారు, వద్దనబోయి నిలువుగా ఊపుతారు. ఒకసారి వద్దన్నారనుకుని ఆయన కాఫీ పారబోశాను. అప్పుడు నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఆస్పత్రిలో మాట నేర్పే థెరపిస్టు ఉంది. చిన్నపిల్లే గానీ ఓపిక గలది. బొమ్మల కార్డులు చూపించేది. చెంచా, చెప్పు, కుక్క. పన్నెండంతస్తుల లిఫ్టు మోటారు విప్పి బిగించిన మనిషికి చెంచా బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే ఎలా ఉంటుంది? ఐదో వారం ఆయన కార్డుల కట్టని కిటికీలోంచి విసిరేశారు. ఆ తర్వాత వెళ్ళనే లేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు.

థెరపిస్టు నన్ను కౌంటర్ దగ్గరే పట్టుకుంది.

"అక్కా, మొదటి ఏడాదిలో వచ్చినంత మాట ఆ తర్వాత రాదు. ఆరు నెలలు అయిపోనే అయ్యాయి. ఆయనే వదిలేస్తే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. వచ్చే నెలాఖరు దాకా చూస్తాను. రాకపోతే ఆ సమయం ఇంకో పేషెంటుకి ఇవ్వాల్సి వస్తుంది."

"నన్నేం చెయ్యమంటావు?"

"ఆయనకి ప్రాణమైనది ఏదో ఒకటి ఉంటుంది కదా. అది పట్టుకోండి."

అదేమిటో నాకు తెలియదు. ఒకే కప్పు కింద తొమ్మిదేళ్ళుండి తెలియదు. నిజంగా సిగ్గేసింది. సాయంత్రం మా ఆయన్ని అడిగాను. ఆయన సిటీ బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి బూట్లు విప్పుకుంటున్నారు.

"నాన్నకా? స్టోర్ గదిలో ఆ కత్తుల ఆట. ఇంకేముంది?" అన్నారు.

అదీ నిజమే. అత్తయ్య పోయినప్పటి నుంచి, అంటే నేను ఈ ఇంటికి రాకముందు నుంచే, ఆయన పని నుంచి రాగానే స్టోర్ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవారు. తలుపు సగం వేసి ఉండేది. కీబోర్డు చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఈ వయసులో ఆటలేమిటని నేను వంటగదిలోంచి వినపడేలాగే అనేదాన్ని.

ఆదివారం పొద్దున కంప్యూటర్ తెరిచాను. అందులో రెండు ఆటలున్నాయి. రెండూ పాతికేళ్ళ నాటివి, ఒకే కథకి మొదటి భాగం, రెండో భాగం. ఒక దీపస్తంభం కాపలామనిషి ఉంటాడు. దీపం ఆరిపోతుంది. మళ్ళీ వెలిగించే నిప్పు కోసం బయల్దేరి, దారిలో తోడు దొరికినవాళ్ళని వెంటబెట్టుకుని, కొట్లాడుతూ, ఎదురైన ప్రతివాడితోనూ మాట్లాడుతూ పోతాడు. మొదటి ఆట నది దాకా. రెండో ఆట సముద్రం దాటి. అయితే రెండూ వేర్వేరుగా చేసినవి. మొదటిదానిలో సంపాదించుకున్న స్నేహితులు, తగిలిన గాయాలు, ఇచ్చిన మాటలు, ఏవీ రెండోదానిలోకి రావు.

వాటి పక్కనే ఆయన రాసుకున్న లిస్టు ఉంది. పైన "రెండూ కలిపి ఒకటి" అని పేరు. చివరిసారి మార్చిన తేదీ చూస్తే, ఆయన పడిపోవడానికి రెండు రోజుల ముందుది.

లిస్టులో ముప్పై ఎనిమిది మాడ్‌లున్నాయి. మాడ్ అంటే ఆటకి బయటివాళ్ళు తగిలించే అదనపు ముక్క. కంపెనీవాళ్ళు కాదు, ఆడేవాళ్ళే రాసి అందరికీ ఊరికే ఇస్తారు. మామగారు వాటిని లిఫ్టు తనిఖీ కాగితం రాసినట్టే రాశారు. నంబరు, పేరు, దేనికంటే ముందు, దేని తర్వాత. తొమ్మిదో నంబరు "అతుకు", రెండాటలనీ కలిపేది అదే. కొన్నిటికి టిక్కులున్నాయి. పదకొండింటికి ప్రశ్నార్థకాలున్నాయి. తేల్చుకోకుండానే ఆగిపోయారు.

వెళ్ళి ఆయన మంచం పక్కన నిలబడ్డాను.

"మామయ్యా, మీ రెండాటలూ నేను కలుపుతున్నాను. మీరు లేస్తే సరే. లేకపోతే నాకు తోచినట్టు కలిపేస్తాను."

'నాకు తోచినట్టు' అన్న మాటకి ఆయన ఇటు తిరిగారు.

అవును, కాదు తారుమారవుతున్నాయి కాబట్టి రెండు మందు సీసాల మూతలు తెచ్చాను. పచ్చది ముందుకి తోస్తే ఉంచాలి, ఎర్రది తోస్తే తీసెయ్యాలి. నేను టిక్కు లేని ఒక్కో మాడ్ వివరాల కాగితం పైకి చదివేదాన్ని. ఈ పని నాకు చేతనైనదే. పదకొండు రకాల మందులు వేసుకునే రోగికి పన్నెండోది ఇచ్చే ముందు ఏది దేనితో పడదో చూడటమే కదా నా ఉద్యోగం. ఈ కాగితాలూ అలాగే ఉన్నాయి. ఫలానాదానికి ముందు ఎక్కించండి, ఫలానాది ఉంటే ఇది వద్దు, రెండూ ఉంటే మూడో ఊరిలో ఆట ఆగిపోవచ్చు.

శత్రువుల బలం రెండింతలు చేసేది చదివాను. ఎర్రమూత. అందరికీ కొత్త మొహాలు పెట్టేది, ఎర్రమూత. ఒకాయన కొత్త స్నేహితురాలిని సృష్టించి ఆమె చేత వెయ్యి జోకులు చెప్పించాడట. ఒక జోకు చదివి వినిపించాను. ఎర్రమూత బల్ల మీంచి దొర్లి కింద పడింది. తర్వాత ఇంకొకటి వచ్చింది. రెండో ఆటలో ఒక కోట తలుపు సగమే మూసుకునేదట, దాన్ని పూర్తిగా మూసుకునేలా చేసేందుకే ఒకావిడ ఆ మాడ్ రాసింది. ఇంకేమీ లేదందులో, ఒక్క తలుపే. ఆ మాట నోట్లోంచి రాకముందే పచ్చమూత నా చేతిలోకొచ్చింది. లిఫ్టు మెకానిక్కు తలుపు సంగతి ఊరుకుంటాడా?

చదువుతున్నకొద్దీ తర్వాతి కాగితం కోసం నేనే తొందరపడేదాన్ని. ఒకాయన అడవిలో పక్షుల కూతలు సరిచేశాడు. ఒకావిడ మ్యాపు మీద నదుల పేర్లు సరిచూసింది. ఒకరు మొదలుపెట్టి వదిలేస్తే ఇంకొకరు అందుకున్నారు, ఆయన జబ్బుపడితే మూడో మనిషి పూర్తిచేశాడు. ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఇరవై ఏళ్ళుగా ఎవరూ అడగని పని చేస్తూ, ఎదుటివాళ్ళది ఎక్కడ చెడుతుందో చూసుకుని తమది పక్కకి జరుపుకుంటూ వచ్చారు. మా ఆస్పత్రిలో రెండు వార్డులవాళ్ళు ఒక ఫ్యాను సంగతి తేల్చుకోలేక ఏడాదిగా ఉత్తరాలు రాసుకుంటున్నారు.

నాలుగు ఆదివారాలకి లిస్టు తేలింది. ఇరవై తొమ్మిది మిగిలాయి. ఎక్కించడానికి మూడు గంటలు పడుతుంది. మామగారు మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు, లేచేసరికి తయారుగా ఉంటుందని నేనే మొదలుపెట్టాను. అప్పుడు చేశాను తప్పు.

ఆరో నంబరు "భాష". మొదటి ఆటలో మాటలన్నిటినీ మన భాషలోకి మార్చేది. లిస్టులో అది అతుకు కంటే ముందు ఉంది. నాకది అసంబద్ధంగా అనిపించింది. మా కౌంటర్లో మందు కలిపి, సీసాలో పోసి, మూత బిగించి, అన్నీ అయ్యాకే లేబుల్ అంటిస్తాం. ముందే లేబుల్ అంటించడం అంటే మాకు ఉద్యోగం పోయే తప్పు. పదిహేనేళ్ళ అలవాటు. మామగారు తొందరలో రాశారనుకుని భాషని తీసుకెళ్ళి అన్నిటికంటే చివర పెట్టాను. దానికి ముందే టిక్కు ఉంది కాబట్టి వివరాల కాగితం కూడా చదవలేదు. లేబుల్‌కి చదవాల్సిందేముంటుందని.

మామగారు లేచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎడమచేత్తో మౌసు పట్టుకున్నారు. దీపస్తంభం, ఒడ్డు, పాత వంతెన వచ్చాయి. వంతెన మీద కవచం తొడుక్కున్న గడ్డపు కాపలావాడు నిలబడి ఉన్నాడు. వాడిని పలకరిస్తే కింద అక్షరాలు వచ్చాయి:

"ఇవాళ గుడ్లు లేవు. కోడి అలిగింది."

మామగారు ముందుకి వంగి చూశారు. ఇంకోసారి నొక్కారు. "మరకలు పోవాలంటే చల్లనీళ్ళే వాడాలి, ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు కాపలావాడు. వంతెన పక్కన కోళ్ళు అమ్ముకునే ముసలమ్మని నొక్కితే, "నా సింహాసనం ముందు తల వంచు!" అంది.

మామగారు నవ్వారు. భుజాలు కదిలేలా, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఏడు నెలల తర్వాత నవ్వు అది. నేనూ నవ్వాను, తప్పు చేశానని తెలిసీ నవ్వాను. అప్పుడాయన కాపలావాడి మీద వేలు పెట్టి, నవ్వు ఆపి, తల విదిలించారు.

"అదే... అదే... కా..."

"కాదా మామయ్యా? వీడు అనాల్సింది ఇది కాదా?"

ఆయన కళ్ళు మూసుకున్నారు. తర్వాత, ఒక్క తడబాటు లేకుండా, మామూలు గొంతుతో అన్నారు:

"ఆగక్కడ. వంతెన పాతది, నేనూ పాతవాణ్ణే. ఒక్కొక్కరే దాటండి, మా ఇద్దరి మీదా జాలి ఉంచి."

నీళ్ళు కావాలని అడగలేని మనిషి. తన కొడుకు పేరు అనలేని మనిషి. ఆయన కూడా తన గొంతు విని భయపడ్డట్టు నా వైపు చూశారు. నేను కోళ్ళమ్మే ముసలమ్మని చూపించాను. "ఇవాళ గుడ్లు లేవు, కోడి అలిగింది," అన్నారు. రాణి దగ్గరికి వెళ్ళాం. "నా సింహాసనం ముందు తల వంచు. మెడ నొప్పి ఉంటే చెప్పు, కుర్చీ వేయిస్తాను." చాకలిని చూపించాను, పడవవాడిని చూపించాను. కొన్ని సగంలో ఆగిపోయాయి. పద్నాలుగు మాత్రం పూర్తిగా వచ్చాయి. నేను ఏడుస్తున్నానన్న సంగతి నా చెయ్యి తడిసినప్పుడు తెలిసింది.

"మామయ్యా, కాఫీ కావాలా?" అని అడిగాను.

"అదే," అన్నారు.

అప్పుడు వెళ్ళి భాష కాగితం తెరిచాను. ఇలా ఉంది:

"మొదటి భాగం మాటలు, మన భాషలో. ఇరవై ఏడు వేల నాలుగువందల ఆరు. పదకొండేళ్ళు పట్టింది. ఈ ఆటని మన భాషలో ఆడాలనుకునేది నేనొక్కణ్ణే కావచ్చు. ఆటలో ప్రతి మాటకీ ఒక నంబరు ఉంటుంది. అతుకు వెయ్యగానే నంబర్లన్నీ జరుగుతాయి. భాష ముందే ఎక్కి ఉంటే వాటితో పాటు జరుగుతుంది. తర్వాత ఎక్కిస్తే ఒకరి మాట ఇంకొకరి నోట్లో పడుతుంది. ముందు భాష, తర్వాతే అతుకు. మూలికలమ్మే ఆమె మాటతీరు మా కోడలిది. ఆమెకి తెలియదు."

కింద సంతకం "ఆరో అంతస్తు" అని.

దాన్ని దించుకున్నవాళ్ళు నాలుగు వేల పైచిలుకు. ఆట మాట్లాడుకునే వెబ్‌సైటులో ఆయన కోసం రాసిన ఉత్తరాలున్నాయి. ఏడు నెలలుగా "ఆరో అంతస్తు గారూ, కనిపించడం లేదేం?" అని అడుగుతూనే ఉన్నారు. ప్రతి మాటా ఎన్నిసార్లు నోట్లో తిప్పుకుని ఉంటారో, సగం వేసిన తలుపు వెనకాల. నేను బయట నిలబడి ఆటలేమిటని దెప్పుతున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చారు. స్టోర్ గది గుమ్మంలో బ్యాగు భుజానే ఉంది. లోపల మామగారు వంతెన కాపలావాడి మాట చెబుతున్నారు. మా ఆయన అక్కడే గోడకి జారబడి కింద కూర్చున్నారు.

"నాన్నా, ఇంకోసారి అను," అన్నారు. నాన్న ఇంకోసారి అన్నారు.

మర్నాడు అన్నీ తీసేసి, లిస్టులో ఉన్నది ఉన్నట్టు మళ్ళీ ఎక్కించాను. ఈసారి అందరూ ఎవరి మాటలు వాళ్ళు మాట్లాడారు. నేను తిన్నగా మూలికల దుకాణానికి తీసుకెళ్ళమన్నాను. నడుం మీద చెయ్యి వేసుకున్న లావాటి ఆవిడ ఉంది. పలకరిస్తే,

"ముందు తిన్నావా లేదా? ఖాళీ కడుపుతో తాగితే మంట పుడుతుంది, తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవకు. రెండు చుక్కలంటే రెండే. నాలుగు వేస్తే తొందరగా తగ్గుతుందనుకునే తెలివిగలవాళ్ళు ఈ ఊళ్ళో చాలామంది ఉన్నారు."

అది నేనే. అక్షరం అక్షరం నేనే. భోజనాల దగ్గర, బట్టలు ఆరేస్తూ, ఎవరూ వినడం లేదనుకుని వాగిన వాగుడంతా అక్కడుంది. మూడొందల ఎనభై మాటలున్నాయట ఆవిడకి. గోడకి చెప్పానన్నాను కదా, ఆ గోడ తొమ్మిదేళ్ళు విని రాసిపెట్టుకుంది. నాకు ఆ క్షణం ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. ఆయన తెర వైపు చూస్తూ చెవులు ఎర్రబడి కూర్చున్నారు.

"ఇంత లావుగా ఉన్నానా నేను?" అన్నాను. ఆయన ఎర్రమూత వెతుక్కున్నారు.

నెలాఖరుకి మూడు రోజుల ముందు థెరపిస్టుని ఇంటికి పిలిచాను. ఆ పిల్ల విని, ఇంకోసారి చెప్పించుకుని, అప్పుడు రాసుకుంది.

"వందసార్లు తిప్పిన మాటలు మెదడులో వేరేచోట దాక్కుంటాయి అక్కా. అవి ఆయనవే కానీ, ఇప్పుడు ఆయన చేస్తున్నవి కావు. వాటిని మెట్టుగా వేసుకుని కొత్తవి రావాలి. కాపలావాడి మాటలో ఒక్క ముక్క మార్చమనండి."

అలా మొదలైంది. "వంతెన పాతది" వచ్చింది కదా, దాంట్లో "కుర్చీ పాతది" రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. "కాఫీ పాతది" అని ఆయనంతట ఆయన అన్న రోజు నేను కొత్త కాఫీ పెట్టి గిన్నె మాడ్చాను. ఆస్పత్రి గదికి మళ్ళీ వెళ్ళారు, ఈసారి చెంచా బొమ్మలు లేవు. అయినా ఆయన అన్నవన్నీ పాత మాటల మీద వేసిన మాసికలే. లోపలి నుంచి సొంతంగా ఒక వాక్యం వస్తుందా అన్నది థెరపిస్టు చెప్పలేకపోయింది. మెట్టు దగ్గరే ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారని మాత్రం చెప్పింది.

ఆట నది దాకా వచ్చింది. అతుకు వేసినచోటు అది. ఎక్కడ ఆగిపోతుందోనని నా భయం. దీపస్తంభం కాపలామనిషి పడవ ఎక్కాడు, తెర నల్లబడింది, తెల్లబడింది. మనిషి సముద్రపు ఒడ్డున ఇసుకలో పడి ఉన్నాడు. మెడకి మొదటి ఆటలో తగిలిన గాటు అలాగే ఉంది. నది దగ్గర తోడొచ్చిన స్నేహితురాలే ఇసుకలో పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎవరెవరో, ఎక్కడెక్కడివాళ్ళో చేసిన ఇరవై తొమ్మిది ముక్కలు ఎక్కడా కిర్రుమనకుండా కదిలాయి.

స్నేహితురాలు వంగి ఏదో అడిగింది. అక్షరాలు మన భాషలో లేవు. రెండో భాగానికి మామగారు ఇంకా ఒక్క మాటా రాయలేదు. ఇక్కడి నుంచి ఆయనకి కంఠతా వచ్చింది ఏమీ లేదు.

అర్థం నాకు తెలుస్తుంది. వినిపిస్తోందా, బతికే ఉన్నావా అంటోంది ఆమె. జవాబు కాపలామనిషి చెప్పాలి, అదీ పరభాషలోనే ఉంది. మామగారు నన్ను చూసి కీబోర్డు వైపు చూపించారు. నేను దాన్ని మన భాషలో రాశాను: "నేను నిన్ను వినగలుగుతున్నాను. దయచేసి నాకు ఒక నిమిషం ఇవ్వు."

ఆయన మొహం పులుపు తిన్నట్టయింది. ఎర్రమూత.

"సరే, మీరైతే ఎలా అంటారు?"

జవాబు రాలేదు. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. నేను ఇంకో ఐదు రకాలుగా రాశాను. ఐదింటికీ ఎర్రమూతే. మూడో రోజు పొద్దున ఆయన నాకంటే ముందే కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను పక్కన కూర్చోగానే పెదవులు కదిలాయి.

"విన... విన..."

అందించబోయాను. నాలుక చివరి దాకా వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోరు మూసుకున్నాను. బయట చెత్తబండి వచ్చి వెళ్ళింది. కింది వాటాలో ఎవరో మోటారు వేసి ఆపారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"వినపడుతోంది," అన్నారు. ఆగారు. చాలాసేపు ఆగారు. "మాట... వెనకాల వస్తోంది. ఆగు."

ఇరవై ఏడు వేల నాలుగువందల ఆరింటిలో ఎక్కడా లేని వాక్యం. వెంటనే కొట్టాను. ఆయన ఒకసారి చదువుకుని, నా చెయ్యి పక్కకి తోసి, ఎడమచేతి వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ "ఆగు" ని "ఆగమ్మా" అని మార్చారు.

రెండో భాగంలో ఇంకా ముప్పై ఒక్క వేల మాటలున్నాయి. ఆ సంగతి చెప్పాను. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని, తెర మీద రెండో మాటకి వేలు పెట్టారు.